నొప్పి బటన్

అన్నయ్యకు మాట పడిపోయిందంటే చెల్లెలు మొదట నమ్మలేదు. వసపిట్టలా వాగే మనిషి, ఎదుటివాళ్లను నోరెత్తనివ్వని మనిషి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఎడమచేతి వేళ్లు మాత్రం స్వాధీనంలో ఉన్నాయి.

యంత్రాల తెరల మీద ఏ బటన్ ఎక్కడ పెడితే జనం తికమకపడరో తేల్చడం చెల్లెలి ఉద్యోగం. అందుకని అన్నయ్య కోసం ఒక ట్యాబ్ సిద్ధం చేసింది. నీళ్లు, దుప్పటి, కిటికీ, నొప్పి అని నాలుగు పెద్ద బటన్లు. ఏది నొక్కితే ఆ మాట ఆమె గొంతుతో గట్టిగా పలుకుతుంది. పని బ్రహ్మాండంగా కుదిరిందని తన భుజం తనే చరుచుకుంది.

నెల తిరక్కుండానే వదిన ఫోన్ చేసింది.

"పొద్దస్తమానం నొప్పే నొక్కుతున్నారమ్మా. డాక్టరేమో మందు పెంచుతానంటున్నాడు. ఇప్పుడున్న మందుకే సగం రోజు మత్తులో ఉంటున్నారు. ఇంకా పెంచితే మనిషి మనకు దక్కినా దక్కనట్టే."

చెల్లెలు వెంటనే సెలవు పెట్టి వచ్చింది. నొప్పి బటన్ అంచున ఉంది కాబట్టి వేలు జారి దానిమీద పడుతోందేమోనని, దాన్ని తీసి పై మూలకు మార్చింది. అన్నయ్య తెరంతా ఓపిగ్గా వెతికి మరీ దాన్నే నొక్కాడు. చిన్నది చేసి చూసింది. అయినా వదల్లేదు, మొండిఘటం.

"వేలు జారడం కాదు వదినా. కావాలనే నొక్కుతున్నాడు."

"అంటే నిజంగానే అంత నొప్పా?" వదిన కళ్లు నిండాయి.

ఆ మధ్యాహ్నం చెల్లెలు తెర సంగతి పక్కనపెట్టి, మూల కుర్చీలో కూర్చుని మనుషుల్ని చూడసాగింది. 'నీళ్లు' అంది ట్యాబ్. వదిన తాగించి, మూతి తుడిచి వంటింట్లోకి వెళ్లిపోయింది. 'దుప్పటి' అంది. కప్పి వెళ్లిపోయింది. పాపం, ఇంటెడు చాకిరీ ఆమె ఒక్కతే చేసుకోవాలి. 'నొప్పి' అంది. వదిన చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, మంచం మీద కూర్చుని, ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, కుళాయి కారుతున్న సంగతీ, పక్కింటావిడ కోతలూ చెప్పుకుపోయింది. అన్నయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. మూతి ఒక పక్క నవ్వుతోంది.

చెల్లెలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"దొంగా! నీకు నొప్పీ లేదు, పాడూ లేదు కదూ?"

అన్నయ్య అవునన్నట్టు కళ్లార్పాడు. వదిన చెయ్యి ఆగిపోయింది.

"నన్నింత హడలగొట్టాలా? ఆ ముక్క చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్తాడు వదినా? ఆ బటన్ నేనెక్కడ పెట్టాను?"

సాయంత్రానికల్లా ఐదో బటన్ పెట్టింది. 'కాసేపు కూర్చో.' అన్నిటికన్నా పెద్దది, వేలికి ఎదురుగా. డాక్టరుకు ఫోన్ చేసి విషయం చెబితే, మందు పెంచే మాట అటుంచి, తగ్గించి చూద్దామన్నాడు. చెల్లెలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"వెళ్లొస్తానన్నయ్యా. ఏదైనా తేడా చేస్తే కబురు పెట్టండి, వచ్చి సరిచేస్తా."

'కాసేపు కూర్చో' అంది ట్యాబ్.

వదిననే పిలుస్తున్నాడనుకుని చెల్లెలు వెనక్కి తిరిగింది. వదిన ఆయన పక్కనే కూర్చుని ఉంది. అన్నయ్య గుమ్మం వైపు చూస్తున్నాడు.

వచ్చిన ప్రతిసారీ తను ట్యాబ్‌నే చూసుకుని వెళ్లిపోయానని అప్పుడు తట్టింది ఆమెకు. సిగ్గేసింది. చెప్పులు విడిచి వచ్చి, మంచానికి అవతలి పక్క కూర్చుంది.