ఎలీసమ్మ ఊపిరి

కొత్తవలసలో గూడ్సుబండ్లు పోయే లైను పక్కనే గ్లోరీ ఇల్లు. పొద్దున్నే వంట ముగించి, అత్తకి గంజి ఇచ్చి, ముందుగది కిటికీకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలవాళ్ళు వచ్చి పాటలు పాడి వెళ్తే, వాటికి వాయిద్యాలు చేర్చి ఇవ్వడం ఆమె పని. కిరండూల్ నుంచి ఇనపరాయి బండి వస్తే గోడలు అదురుతాయి. అది పోయేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగుతుంది. తర్వాత మళ్ళీ మొదలుపెడుతుంది.

ఈ పని భర్త రాబర్ట్‌తో కలిసి మొదలుపెట్టింది. కిందటి వానాకాలం అతను బండి మీద వస్తూ లారీ కింద పడ్డాడు. అప్పట్నుంచి గ్లోరీకి ఏడుపు రాలేదు, నిద్రా రాలేదు. వేళకి పడుకుని, కళ్ళు తెరుచుకుని, వేళకి లేచేది. బరంపురం నుంచి అన్నయ్య ఆనంద్‌కుమార్ ఫోన్ చేసి, "ఇక్కడ ఆసుపత్రిలో రిసెప్షన్ పని చూశాను, వచ్చెయ్. మీ అత్తని పలాసలో ఆవిడ కూతురు ఉష దగ్గర దింపుదాం" అంటే సరేనంది. ఎక్కడైనా ఒకటేగా అనుకుంది.

అత్త ఎలీసమ్మ ఊపిరి తీస్తే ఆర్గాన్ మోగుతుంది. ఆవిడ భర్త కృపారావు చర్చిలో కాళ్ళతో తొక్కే పాత ఆర్గాన్ వాయించేవాడు. ఆయన పోయిన ఏడే దాన్ని చెదలు తినేశాయి. పెట్టెని బయట పడేసిన వారంలోనే దాని గొంతు ఎలీసమ్మ ఛాతీలోకి వచ్చేసింది. డాక్టరు గొట్టం పెట్టి విని, "శ్రుతి బాగుందమ్మా" అని దగ్గు మందు రాశాడు. ప్రసంగానికి అడ్డం రాకూడదని ఆవిడ ఆదివారాలు చర్చి బయట అరుగు మీద కూర్చునేది. కొడుకు సమాధి కార్యక్రమం నాడూ అక్కడే కూర్చుంది.

గ్లోరీ ఊరు వదిలే ముందు ఆఖరి పాట, పలాస అవతల సముద్రపొడ్డున ఉన్న భావనపాడు నుంచి వెతుక్కుంటూ వచ్చిన గంగులుది. సముద్రంలో పోయిన తమ్ముడి జ్ఞాపక కూటం కోసం తనే పాడాడు.

"మా తాతల నాటి చర్చిలో మోగినట్టు మోగాలి సెల్లీ," అన్నాడు.

గ్లోరీ ఉచితంగా దొరికే ఆర్గాన్ శబ్దాలన్నీ వినిపించింది. గంగులు హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"ఇది ఫోను మోగినట్టున్నాది."

"అసలైన పాత ఆర్గాన్ శబ్దాలు కొనాలన్నా. వాటి ధర మనం అందుకోలేం."

అప్పుడు లోపలి గదిలో ఎలీసమ్మ కునుకు తీస్తోంది. గంగులు చెవి అటు పెట్టాడు.

"అదిగో. అదెట్టు."

"అది మా అత్త."

"అయితే ఆవిడ్నే ఎట్టు."

రోజూ వింటున్నదే కాబట్టి, పనికొస్తుందన్న ఊహే గ్లోరీకి రాలేదు.

మర్నాటి నుంచి మైకు అత్త ఛాతీ దగ్గర పెట్టి ఒక్కో స్వరం పట్టసాగింది. ఒక్క స్వరాన్నే కీబోర్డంతా సాగదీస్తే పైకి పోయేకొద్దీ చీమ గొంతులా అయిపోతుంది. అందుకని దగ్గర దగ్గరగా చాలా స్వరాలు కావాలి. ఎలీసమ్మ మేడమెట్లు ఎక్కి వస్తే పై స్వరాలు పలికేవి. వేడి గంజి తాగి వెల్లకిలా పడుకుంటే కిందివి. ఇచ్చిన స్వరం ఇచ్చినట్టే ఆవిడ ఊపిరిలోంచి పోయేది.

"తేలిగ్గా ఉన్నాదే," అంది ఆవిడ, మెట్ల మీద కూర్చుని.

గ్లోరీ తలూపి, పట్టిన స్వరానికో పేరు పెట్టి కంప్యూటర్లో దాచింది. బియ్యం చెరిగినట్టే చేసింది ఆ పని కూడా.

చివరికి పాటకి అడుగున ఉండాల్సిన స్వరం ఒకటి దొరకలేదు. ఎన్ని గ్లాసుల గంజి తాగినా రాలేదు.

"అది నా కాడ లేదు. నువ్వియ్యి," అంది ఎలీసమ్మ.

"నా దగ్గర ఏటుంది అత్తా?"

"రాబర్ట్ పోయిన కాణ్ణుంచి సూస్తన్నాను. ఊపిరి సగమే వొదుల్తన్నావు. మిగతాది ఎక్కడికి పోద్ది? మైకు అట్టుకో."

గ్లోరీ మైకు పట్టుకుని ఊపిరి వదిలింది. అత్త ఇంకా అన్నట్టు చెయ్యి ఊపింది. ఇంకా వదిలింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. బండి వస్తోందనుకుని ఆగింది. ఏ బండీ రాలేదు. తెర మీద మాత్రం లావుపాటి గీత ఒకటి పడి ఉంది.

"బాగానే వచ్చింది," అంది గ్లోరీ. ఆమెకి ఏమీ అనిపించలేదు.

కూటం రోజున బ్యాగులు సర్దుకునే భావనపాడు వెళ్ళారు. సాయంత్రం పలాస స్టేషన్లో ఆనంద్‌కుమార్ టికెట్లతో ఎదురుచూస్తాడు. ఎలీసమ్మ ఇప్పుడు మామూలుగా ఊపిరి తీస్తోంది కాబట్టి చర్చి లోపలే, ముందు వరసలో కూర్చుంది. ఆవిడ పక్కన గ్లోరీ.

స్పీకర్లోంచి గంగులు పాట మొదలైంది. అడుగు స్వరం వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులు నోటికి పెట్టుకున్నారు. గంగులు భార్య గున్నమ్మ భోరుమంది. గ్లోరీ తనకీ ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కళ్ళు మాత్రం బరువెక్కాయి. ప్రసంగం మొదలవ్వక ముందే అత్త భుజం మీద తల వాలిపోయింది.

కూటం అయిపోయింది. భోజనాలు అయ్యాయి. గున్నమ్మ చాప పరిచి, ఇద్దరు ఆడవాళ్ళ సాయంతో గ్లోరీని పడుకోబెట్టింది. ఆమె కదల్లేదు. బ్యాగులో ఫోన్ మోగితే ఎలీసమ్మ తీసింది.

"ఎక్కడున్నారు? ఇంకో గంటలో బండి," అన్నాడు ఆనంద్‌కుమార్.

"పడుకున్నాది నాయనా."

"లేపండి మరి."

"లేపను."

"నిజంగానే నిద్రపోతోందా?"

"గురక ఎడతన్నాది."

"అయితే లేపకండి," అన్నాడు అతను మెల్లగా. "నేను ఇంటికి వెళ్ళిపోతాను. లేచాక దాని ఇష్టం."

తెల్లారి పడవలు ఒడ్డుకి చేరేవేళ గ్లోరీ లేచింది. ఎక్కడుందో తెలీక చుట్టూ చూసింది. గున్నమ్మ చద్దన్నం, వేయించిన చేప తెచ్చి ముందు పెట్టింది. గ్లోరీ ఆ పళ్ళెం ఖాళీ చేసి, ఇంకాస్త పెట్టించుకుంది.

"బండెల్లిపోయింది," అంది ఎలీసమ్మ.

గ్లోరీ చేప ముల్లు తీసి పక్కన పెట్టింది.

"కొత్తవలస పోడానికి బస్సు ఎప్పుడుందో అడుగు అత్తా," అంది.