దీక్ష మోకాలి ఎత్తు

“ముద్దలో చెక్కపొడి వస్తాండాది, ఆశా. చేతులు కడుక్కొని కెలకకూడదా?” అంది అత్త సుజాతమ్మ, కంచం పక్కకు జరుపుతూ.

ఆశ రెండుసార్లు కడుక్కునే రాగిముద్ద కెలికింది. పొడి చేతులకు కాదు, జుట్టులో, జాకెట్టు కుట్లలో, ఊపిరిలో ఉంది. చింతామణిలోని ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో, కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్కలో కోసే సి.ఎన్.సి. మిషన్ పెట్టినప్పటి నుంచీ ఆమెకు పని రెండింతలైంది. మిషన్ బిగించిన మనిషి పని నేర్పుతుంటే భర్త పురుషోత్తమ్ ఫోనులో మాట్లాడుతూ గేటు దగ్గరే ఉండిపోయాడు. నిలబడి నేర్చుకున్నది ఆశ. కంప్యూటర్లో బొమ్మ గీయడం, ప్లైవుడ్ షీటును బల్లకు బిగించడం, ముక్క ఎగిరిపోకుండా అంచుల్లో అక్కడక్కడా కోయకుండా వదలడం, అన్నీ ఆమె చేతికే వచ్చాయి. అతను ఆర్డర్లు తెచ్చేవాడు. “కోసేది మిషనే కదా, నీకేం కష్టం?” అనేవాడు.

పిల్లల కుర్చీ మాత్రం ఆమె సొంత ఆలోచన. ఐదేళ్ళ దీక్ష అన్నం తింటుంటే దారంతో కూతురి మోకాలి ఎత్తు కొలిచింది. మేకు అన్నది లేకుండా గాడిలో గాడి ఇరుక్కుని నిలబడే కుర్చీ. పిల్ల నుదురు తగిలినా గాయం కాకుండా ప్రతి మూలనూ గుండ్రంగా తిప్పింది. మొదటిసారి దీక్ష అందులో కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించినప్పుడు ఆశకు ఎందుకో ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల కొలతకు సరిపోయేలా చేసిన వస్తువు అదొక్కటే అనిపించింది.

ఆ మధ్యాహ్నం చిక్కబళ్ళాపురంలో చిన్నపిల్లల బడి నడిపే గార్గి మేడమ్ వచ్చింది. కుర్చీని తిరగేసి, అంచుల వెంట వేలు రాస్తూ, “ఎంత ఆలోచన చేసినారప్పా! ఎవరు గీసింది ఇది?” అని అడిగింది.

టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్న ఆశ నోరు తెరవబోయింది.

“నేనే మేడమ్,” అన్నాడు పురుషోత్తమ్. “ఈమె మా ఇంటామె. పొడీ గిడీ ఊడుస్తాంటాది.”

మేడమ్ నవ్వుతూ గ్లాసు అందుకుంది. ఆశ కూడా నవ్వింది. తర్వాత ఆమెను తొలిచింది ఆ నవ్వే. ఎందుకు నవ్వాను? కాదంటే ఏమయ్యేది? పరాయి మనిషి ముందు పరువు తీసినావని అతను సాధిస్తాడు. అత్త మూతి ముడుచుకుంటుంది. కైవారలో ఉన్న అమ్మకు చెప్పుకుంటే, పేరు ఎవరిదైతే ఏమమ్మా, సంసారం ఒకటే కదా అంటుంది. ఎటు తిరిగినా గోడే. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఉన్న ఆ ఇరుకు సందులోనే తన బతుకంతా అటూ ఇటూ తిరుగుతూ అయిపోతుంది కాబోలు.

పోతూ పోతూ మేడమ్, “మా కాడ ఇంకా చిన్నపిల్లలుండారు. కూర్చునే పలక కొంచెం కిందికి దించి, వీపు ఆనే పలకలో చెయ్యి దూరే సందు పెట్టండి. రేపొచ్చి చూస్తా,” అంది.

“అదెంత పని మేడమ్!” అన్నాడు పురుషోత్తమ్.

మర్నాడు పొద్దున ఆశ కూతురికి జడ వేస్తుంటే పురుషోత్తమ్ వచ్చాడు. “నిన్న విన్నావు కదా, గబగబా మార్చి కోసెయ్యి. మేడమ్ బయల్దేరిందంట.”

ఆశ జడ చివరిదాకా అల్లి రిబ్బను కట్టింది. “మీరే మార్చండి,” అంది.

“ఏమంటాండావు?”

“గీసింది మీరే కదా. మీరే మార్చి, మీరే కోయండి.”

అతను షెడ్డులోకి వెళ్ళాడు. కంప్యూటర్ వేసిన చప్పుడైంది. కాసేపటికి తిరిగొచ్చాడు. “తమాషా చాలు, రా.”

“మొగుడు పిలుస్తాంటే పలకవేమే?” అంది వంటింట్లోంచి సుజాతమ్మ.

వెళ్ళిపోవడానికి వేరే చోటు లేదని ఆశకు తెలుసు. సాయంత్రానికి మళ్ళీ ఇదే పొయ్యి, ఇవే మాటలు. అయినా లేవలేదు.

బయట కారు ఆగింది. పురుషోత్తమ్ గొంతు తగ్గించాడు. “ఆశా, పరువు పోతాది. ఆమెకు ఏం చెప్పాలిప్పుడు?”

“నిజం చెప్పండి. మీకు నోరు రాకుంటే నేను చెప్తా,” అంటూ ఆశ లేచి, గేటు తీయడానికి తనే నడిచింది.