మొద్దు మోత

నాణేన్ని మూడోసారి తూచాడు. ఊపిరి తగిలితే ముల్లు కదులుతుందేమోనని ముఖం పక్కకి తిప్పుకుని ఓరగా చూశాడు. ముల్లు నడిమధ్యనే నిలిచింది.

తక్కెళ్ళు బాగుచేసే ఆ కొట్టులో ఇరవై ఆరేళ్ళుగా అతనిది కిటికీ పక్క బల్ల. మందుల దుకాణాల చిన్న త్రాసులన్నీ అతని చేతికే వస్తాయి. గోళ్ళ కింద నూనె నలుపు. భూతద్దం నొక్కి నొక్కి కుడికన్ను చుట్టూ గుండ్రటి గాడి పడిపోయింది. ఆదివారం పాత నాణేల సేకరణకర్తలు కలిసేచోట మాత్రం అతను 'చెవిగారు'. నాణేన్ని రాతిమీద జారవిడిచి, మోత విని, అసలుదో నకిలీదో చెప్పేసేవాడు.

పొద్దున పనికి బయల్దేరుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది. కాగితంలో చుట్టిన ఈ వెండి నాణేన్ని చేతిలో పెట్టింది.

"మీ బావ మళ్ళీ ఒకసారి చూడమన్నాడురా. ఇవాళే చెప్పమన్నాడు. డాక్టరు పెదవి విరిచి వెళ్ళాడు."

చుట్ట విప్పకుండానే అది ఏ నాణెమో అతనికి తెలిసిపోయింది. పన్నెండేళ్ళ కిందట బావ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతూ ఆదివారం కూటానికి తెచ్చాడు. అతను రాతిమీద జారవిడిచాడు. టప్‌మని మొద్దుగా మోగింది.

"పోత బిళ్ళ బావా. ఎవడో నీకు శుభ్రంగా టోపీ పెట్టాడు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. మరుసటి ఆదివారం మోకాలు నొప్పన్నాడు. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పలేదు, రాలేదు. ఇంటికెళితే ఎప్పటిలాగే మాట్లాడేవాడు, నాణేల ఊసు తప్ప.

ఆ రోజు అతను దాన్ని తూచలేదు, భూతద్దం పెట్టలేదు. చెవి ఉండగా అవన్నీ ఎందుకనుకున్నాడు.

ఇప్పుడు భూతద్దంలో అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు. అచ్చులో పోసిన నకిలీదైతే అంచులో అతుకు కనిపించాలి, బొమ్మమీద సూదిమొనంత గుంటలుండాలి. అవేమీ లేవు. అక్షరాలు కత్తితో కోసినట్టున్నాయి. మరో చుట్టు తిప్పేసరికి అంచు దగ్గర వెంట్రుకంత గీత దొరికింది. గోటితో గీరి చూశాడు. గీత కాదు, పగులు. పగులున్నది అసలు వెండైనా మొద్దుగానే మోగుతుంది.

గోడ గడియారంలో పదకొండు. లేచి, మళ్ళీ కూర్చున్నాడు. బావ మంచంమీద ఉన్నాడని, అసలుదైతే బాగుండునని, తన కన్ను కోరుకున్నదే చూస్తోందేమో అనిపించింది. ఇంకోసారి తప్పు చెబితే దిద్దుకోడానికి వేరే రోజు ఉండదు. నీళ్ళలో వేలాడదీసి కూడా తూచాలి. వెండి నీళ్ళలో ఎంత తేలికవ్వాలో అంతే అవ్వాలి. గ్లాసులో నీళ్ళు కదలకుండా దానికి ఫ్యాను ఆపాలి. యజమాని భోజనానికి వెళ్ళేదాకా ఆపనివ్వడు.

"ఏంటి గురూ, పొద్దున్నుంచీ ఆ బిళ్ళతో కాపురం చేస్తున్నావ్?" అన్నాడు యజమాని. "ఆ మందుల కొట్టాయన నా ప్రాణం తోడేస్తున్నాడు. ముందు ఆయన త్రాసు చూడు."

చూశాడు. ఎన్నడూ లేనిది స్క్రూ రెండుసార్లు చేజారింది.

ఒంటిగంటకు ఫ్యాను ఆపాడు. నాణేనికి దారం కట్టి గ్లాసు నీళ్ళలోకి దించాడు. నాణేనికి పట్టిన గాలిబుడగను ఈకతో తుడిచి తూచాడు. మళ్ళీ తూచాడు. నీళ్ళు మార్చి ఇంకోసారి తూచాడు. పన్నెండేళ్ళ కిందట తొందరపడ్డాడు, ఇవాళ తొందరపడదలచుకోలేదు. మూడుసార్లూ ఒకటే లెక్క తేలాక చెప్పులు సరిగా వేసుకోకుండానే బయటపడ్డాడు.

రెండు వీధులే. అక్క ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో పక్కింటివాళ్ళ చెప్పులు. బావ ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. గడ్డం కింద గుడ్డ కట్టారు.

"నువ్వొచ్చావా అని రెండుసార్లు అడిగాడు," అంది అక్క. "తర్వాత అడగలేదు." "ఏం తేలింది?" అంది.

"అసలుదే అక్కా."

"ఇప్పుడా తెలిసింది?"

"పదకొండింటికే తెలిసింది."

అక్క అతని వైపు చూసింది. బీరువాలోంచి నాణేల పళ్ళెం తీసి ముందు పెట్టింది. మఖమలు గుంటల్లో వరసగా నాణేలు, ఒక్కోదాని కింద బావ గుండ్రటి రాతతో చీటీ. ఒక గుంట మాత్రం ఖాళీ. దాని కింది చీటీ పసుపెక్కింది. కొన్న తేదీ, పన్నెండేళ్ళ నాటిది. పరీక్షించింది: మా బావమరిది. తేలింది: ఆ పక్కన ఏమీ రాయలేదు.

చీటీ మీద అడ్డంగా ఒక పొట్టి పెన్సిలుంది. ఆ పొద్దున్నే మొన చెక్కినట్టున్నారు, పొట్టు ఇంకా మఖమలు మీదే ఉంది.