ఇంకొక్కసారి

"అవి పారేయకమ్మాయ్, పనికొస్తాయి" అంది అత్తయ్య. వంటింట్లో ఫ్రిజ్ ఖాళీ చేసి తుడుస్తున్నాను. తలుపు అరలో గుడ్ల వెనక హార్మోన్ ఇంజెక్షన్ల పెట్టె ఉంది, కిందటిసారి వాడగా మిగిలినవి. నా రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలి వారం కూడా కాలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఫ్రిజ్ మురికి పట్టిందని గుర్తుచేసింది ఆవిడే, ఆ పెట్టె పారేయొద్దన్నదీ ఆవిడే. ఆవిడ చెడ్డదేం కాదు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. చూసి, "పెద్దగా లేదులే" అంటుంది.

ఆ సూదులు పెళ్ళయిన మూడో ఏట మొదలయ్యాయి. పరీక్షలు చేసిన డాక్టర్ మా ఆయనతో, మీ వీర్యకణాలకు బలం లేదు, ల్యాబ్‌లో పిండం తయారుచేయడమొక్కటే దారి అన్నాడు. లోపం ఆయనది, సూదులు నాకు. ఎక్కువ అండాలు కావాలంటే నా ఒంట్లోకే హార్మోన్లు ఎక్కించాలట. ఆస్పత్రి మెట్ల మీద ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మ తట్టుకోలేదు. నీలోనే ఏదో ఉందని చెబుదాం. నిన్ను ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా" అన్నారు. నాకు జాలేసింది. అది ప్రేమ అని కూడా అనుకున్నాను. సరేనన్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నా పొట్టకేసి చూసి, నిట్టూర్చి, కాఫీ తాగి వెళ్ళారు. "మా తమ్ముడు బంగారం కాబట్టి ఏలుకుంటున్నాడు" అనేది ఆడపడుచు, నేను వింటుండగానే. బంగారం ఆ సమయానికి పేపర్ వెనక ఉండేది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. మనుషుల ముఖాలకి జానెడు దూరంలో నిలబడి ఫ్రేములు సరిచేయాలి. సూదుల రోజుల్లో రొమ్ములు పుళ్ళలా సలిపేవి, చెయ్యెత్తితే ప్రాణం పోయేది. మధ్యాహ్నం వేసుకోవాల్సిన మందు షాపు ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, "మేడమ్‌గారి పిల్లలు అందులో ఉన్నారు, తలుపు మెల్లిగా వేయండ్రా" అనేవాడు ఓనరు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, లేకపోతే ముక్కు మీద కోపం అంటారని. బాత్రూములో పొట్ట మీద సూది పొడుచుకుని, ముఖం కడుక్కుని, "మీకు గుండ్రటి ఫ్రేము బావుంటుందండీ" అంటూ బయటికొచ్చేదాన్ని. రెండుసార్లు కడుపు నిలిచింది, నెలలు నిండకుండానే పోయింది. మిగతాసార్లు నిలవనే లేదు. ప్రతిసారీ ఇంట్లో ఒకటే మాట, ఇంకొక్కసారి.

ఫ్రిజ్ తుడిచిన ఆ మధ్యాహ్నమే క్యాన్సర్ డాక్టరమ్మ రిపోర్టు చదివింది. "మీది హార్మోన్ తిని పెరిగే రకం గడ్డ. ఈస్ట్రోజన్ అనే ఆ హార్మోన్‌ని పట్టుకునే కొక్కేల్లాంటివి ఆ కణాల మీద ఉన్నాయి. ముందు ఆపరేషన్, సోమవారమే చేసేద్దాం. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ హార్మోన్ దానికి అందకుండా మాత్రలు."

"ఆ సూదుల వల్లేనా?" అనడిగాను.

"అలా చెప్పలేనమ్మా. సూదుల వల్ల వస్తుందని గట్టిగా తేలలేదు. మీ ఒంట్లో నెలనెలా ఊరే హార్మోనే దానికి చాలు. చిన్న వయసులో పెద్దమనిషి కావడం, కాన్పులు లేకపోవడం, ఇలాంటివన్నీ కాస్త కాస్త కలుస్తాయి. ఫలానాదేనని వేలెత్తి చూపించలేం."

ఎవరినైనా నోరారా తిట్టుకుందామని వెళ్ళాను. ఆ సుఖం కూడా దక్కలేదు. చిన్నప్పుడు నన్ను ఎదిగించిన సరుకే ఇప్పుడు ఆ గడ్డనీ మేపుతోందట. ఇంట్లోవాళ్ళు సరిపోనట్టు నా ఒళ్ళు కూడా వాళ్ళతో చేరిపోయింది.

"రెండు నెలలు ఆగొచ్చా డాక్టర్?" అన్నారు మా ఆయన. "ల్యాబ్‌లో మావి రెండు పిండాలు దాచి ఉంచాం. అవి వేయించుకుని ఆ తర్వాత..."

"దానికి మళ్ళీ ఈస్ట్రోజనే ఇస్తారు కదండీ. గర్భం నిలిస్తే నెలల తరబడి అదే పొంగుతుంది. మంట ఆర్పమంటే కిరసనాయిలు పోస్తానంటారేంటి?" అని ఆమె నావైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నేళ్ళయిందో. నోరు తెరిచేలోగా ఆయనే అన్నారు, "తనదేముందండీ, నేనెలా అంటే అలాగే."

కారులో మళ్ళీ అదే. "ఇంకొక్కసారి. అమ్మ కోసం. రేపు నీకేమైనా అయితే..." అని ఆగిపోయారు. నాకేమైనా అయినా ఒక బిడ్డ మిగలాలి, అంతే కదా. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బతకాలని పెద్ద ఆశేమీ లేదు నాకు ఆ క్షణాన. బతికి వెళ్ళేది మళ్ళీ ఆ ఇంటికే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ కొండనాలుక కూడా నాది కాదు. అది తలుచుకునేసరికి ఒళ్ళు మండింది.

"సోమవారం ఆపరేషన్‌కి వెళ్తున్నాను" అన్నాను.

"అమ్మకేం చెప్పాలి?"

"నేను చెబుతాను. మొత్తం చెబుతాను."

ఆయన ముఖం పాలిపోయింది. క్యాన్సర్ అన్నప్పుడు కూడా అంతగా పాలిపోలేదు.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. మా ఆయన తిన్నగా బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పారు. నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "లోపం మీ అబ్బాయిది అత్తయ్యా. నాలో ఏమీ లేదు. మొదట్లోనే చెప్పారు డాక్టర్లు. మీరు బాధపడతారని ఇన్నేళ్ళూ నేనే మోశాను" అన్నాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, అబద్ధమని అరుస్తుందనుకున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, దగ్గరికి తీసుకుంటుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాను.

ఆవిడ కొడుకు చొక్కా కాలరు చేత్తో సాపుచేసింది.

"తెలుసు" అంది. "పద్నాలుగో ఏట వాడికి గవదబిళ్ళలొచ్చి కిందకి దిగాయి. అప్పుడే చెప్పాడు డాక్టరు, పిల్లలు కష్టమని. మగపిల్లాడు, తట్టుకోలేడని వాడికి కూడా చెప్పలేదు."

చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.

"నువ్వైతే తట్టుకుంటావనుకున్నానమ్మా."