రెండిచ్చే ఆమ్లం

ఫ్లాస్కులో గులాబీ రంగు ఇరవై మిల్లీలీటర్ల దగ్గర పోవాలి. పదికే పోయింది. లింబయ్య మళ్లీ బ్యూరెట్ నింపి చుక్కచుక్కగా ఆమ్లం వదిలాడు. మళ్లీ పదే. ఇంకో గంటలో ఇంటర్ ఆడపిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష.

బోధన్‌లోని ఆ కాలేజీ ల్యాబ్‌లో అతను ముప్పై ఏళ్లుగా అటెండరు. నత్రికామ్లం పడీ పడీ బొటనవేలి గోరు పసుపుపచ్చగా మిగిలిపోయింది. భార్య పోయాక రెంజల్‌లోని ఇల్లు నిద్రపోవడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు. ఏ ఆమ్లం ఎన్ని హైడ్రోజన్లను వదులుతుందో నోటికి చెబుతాడు. ఫాస్ఫరస్ ఆమ్లంలో మూడున్నా రెండే బయటికొస్తాయి. మూడోదాన్ని ఎవరూ తీసుకోరు. దానిమీద అతనికి ఎందుకో జాలి.

జూన్‌లో చేరిన లెక్చరర్ ఉమామహేష్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఆక్సాలిక్ ఆమ్లం రెండిచ్చేది. మీరు ఒకటిచ్చే లెక్కన తూసిండ్రు. సగమే వెయ్యాలె."

"టెన్త్ తప్పినోనివి, నాకే పాఠం చెప్తవా లింబయ్యా?"

"పాఠం కాదు సార్. పిల్లల మార్కులు పోతయి."

ఉమామహేష్ విసురుగా వచ్చి తనే చేసి చూశాడు. పది. అతని చెవులు ఎర్రబడ్డాయి. "కొత్తది కలుపు," అన్నాడు, మొహం చూడకుండా.

పిల్లలందరికీ ఇరవై దగ్గరే వచ్చింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ద్రావణం బాగా కలిపారని ఉమామహేష్‌ను మెచ్చుకున్నాడు. ఉమామహేష్ తల ఊపాడు. ఫ్లాస్కులు కడుగుతూ లింబయ్య విన్నాడు. పిల్లల పరీక్ష నిలబడింది, అది చాలుననుకున్నాడు. చాలలేదు. ఇవాళ ఉద్యోగంలో అతని ఆఖరి రోజు, పరీక్ష హడావుడిలో ఎవరికీ గుర్తులేదు. తనే చెప్పుకోవడానికి సిగ్గేసింది. హైడ్రోజన్ పోతే ఆ చోట్లోకి సోడియం వస్తుంది. లింబయ్య పోతే ఎవరూ రారు, పోస్టే తీసేశారు.

తాళాలు ఆఫీసులో ఇచ్చి, అయిదింటి రెంజల్ బస్సెక్కాడు.

ఆఫీసులో సంగతి తెలిసి ఉమామహేష్ క్యాంటీన్ నుంచి టీ పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. "లింబన్నా," అని పిలిచాడు. వరండా చివరిదాకా వెళ్లి చూసి వచ్చాడు. ఇక ఏం చేయాలో తెలియక గ్లాసును సింకు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో లింబయ్య కోసమని ఆ గదిలోకి వచ్చిన మొదటి టీ మీద మీగడ కట్టసాగింది.