ఇన్నమ్మ ఆంటీ కునుకు

క్రీస్తుదాసు అంకుల్ ప్రార్థన మొదలుపెడితే, ఆపడం ఆయన చేతుల్లో కూడా ఉండదు. అశ్వారావుపేటలో ఆయన ఇంట్లోనే రెండు గదులు కిరాయికి తీసుకుని జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. పగలంతా పామాయిల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా లారీలను ఆపేవాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ఇరుగుపొరుగును కూర్చోబెట్టి, లోకంలోని దేశాలన్నిటినీ పేరుపేరునా దీవించేవాడు. తండా నుంచి వచ్చిన నేనూ మర్యాదకు కూర్చునేదాన్ని. ఆఫ్రికా వచ్చేసరికి నాకు ఆకలేసేది.

అందరం కళ్లు మూసుకునే వాళ్లం. ఆయన భార్య ఇన్నమ్మ ఆంటీకి సాయంత్రమైతే రెప్పలు వాలిపోతున్నాయని అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఆమేన్ అన్నాక అందరి కళ్లూ తెరుచుకునేవి, ఆమెవి తెరుచుకునేవి కావు. అంకుల్ దాన్ని కునుకు అనుకున్నాడు. సంఘపెద్ద కదా, ఊరుకుంటాడా? ఒక ఆదివారం చర్చిలో లేచి, "నా ఇంట్లనే ప్రార్థనల నిద్రపోయేటోళ్లు ఉన్నరు, సంఘం వాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలె" అన్నాడు. పేరు చెప్పలేదుగానీ, కిరాయికున్న నన్ను తీసేస్తే ఆ ఇంట్లో ఉన్నది ఆలుమగలిద్దరే. ఆంటీ ఆ రోజు ఆయన కోసం ఆగకుండా ఒక్కతే ఇంటికి నడిచి వచ్చింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అన్నం ముద్ద గొంతు దిగక ఆమె ఉక్కిరిబిక్కిరైంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అంకుల్ భయపడిపోయాడు. ఆయన ప్రార్థన అంత చిన్నగా ముగియడం నేనెప్పుడూ వినలేదు. హైదరాబాద్‌లో డాక్టర్లు జబ్బేదో తేల్చారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరానికీ కండకూ మధ్యనున్న అతుకును శత్రువనుకుని దెబ్బతీస్తోందట. అందుకే పొద్దు వాలేసరికి రెప్పలూ గొంతూ అలసిపోతున్నాయట. మాత్రలిచ్చారు. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి చెడిందని, ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక అంకుల్ నన్ను పిలిచాడు. "జ్యోత్స్నా, ఆ గ్రంథి ఏం పని చేస్తది? దేవుడు ఊకెనే పెట్టడు కదా."

"మీ గేటు పనే అంకుల్. కొత్త గార్డులు వస్తే ఏం చేస్తరు?"

"మేనేజరు కాడినుంచి ఊడ్చే అవ్వ దాకా అందర్నీ చూపిస్త. మనోళ్ల మీదనే కర్ర లేపేటోన్ని ఇంటికి పంపుత."

"గదే. మన రక్తంల కాపలా కణాలు కొన్ని థైమస్‌లనే పని నేర్చుకుంటయి. అయితే గుండె, కాలేయం లేచి అక్కడికి రావు కదా. అందుకని అక్కడుండే కొన్ని కణాలు ఒళ్లంతటి నమూనాలు తామే తయారుచేసి చూపిస్తయి. ఇంకో రకం కణాలు ఆ ముక్కలు అందుకొని మళ్లా చూపిస్తయి. ఒక్కరితోని అయ్యే పని కాదది. సొంత ముక్క మీద ఎగబడ్డ కణం అక్కడనే చచ్చిపోతది."

"అన్నీనా?"

"కొన్నిటిని చంపకుండ ఉంచుతది థైమస్. అవి తర్వాత మిగతావాటి కోపం తగ్గిస్తయి."

"అంటే కోపిష్టోళ్లకే శాంతి కమిటీ అప్పజెప్తరన్నట్టు," అంది ఆంటీ, రెప్పలెత్తలేక గడ్డమెత్తి మొగుడి వైపు చూస్తూ. మా ఇంటర్ పిల్లలు ఇంత జల్దీగా పట్టుకోరు.

అంకుల్ నవ్వలేదు. "మరి ఆ బడే తీసేస్తే కొత్తోళ్లకు ఎవరు నేర్పుతరు?"

మంచి ప్రశ్నే. "ఆ నేర్పుడు చాలామటుకు చిన్నప్పుడే అయిపోతది అంకుల్. ఇప్పుడు బడే చెడి తప్పుడు పాఠం చెప్తున్నది."

"అయితే పోదాం," అన్నాడు.

"నేను రాను," అంది ఆంటీ.

"కత్తంటే భయమా?"

"కత్తికి కాదు. ఆ బల్ల మీద నాకేమన్న అయితే, ప్రార్థనల నిద్రపోయే ఇన్నమ్మ పోయిందంటరు. నేనొక్క పూట కూడ నిద్రపోలేదు. నువ్వు దీవించిన దేశాలన్నీ విన్న. ఎవరి ముందర అన్నవో వాళ్ల ముందరనే చెప్పు. అప్పుడొస్త."

అంకుల్ ఆ వారమంతా గొణుగుతూనే ఉన్నాడు. హైదరాబాద్ బస్సు ఆదివారం మధ్యాహ్నం. ఆ ఉదయం ఆరాధనలో, ఎవరి అనుభవం వాళ్లు అందరి ముందూ చెప్పే సాక్ష్యాల వేళకు లేచి నిలబడ్డాడు. నేనూ వెళ్లాను, ఇలాంటిది వదులుకుంటానా? ఎవరైనా ఎవరినైనా పొరపాటున ఏమైనా అనుంటే ప్రభువు క్షమించాలన్నాడు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న ఆంటీ కదల్లేదు. డాక్టర్ల కోసం, బస్సు డ్రైవరు కోసం ప్రార్థించమన్నాడు. ఆంటీ గొంతు సవరించుకుంది.

"ఇన్నమ్మ నిద్రపోలే," అన్నాడు చివరికి. "ఆమెకు జబ్బు. గేటు కాడ ఇన్నేండ్ల సంది మనోడెవడో పరాయోడెవడో నేనే చెప్తున్న. ఇంట్ల నా మనిషి కష్టం నాకు తెల్వలే. మీ అందరి ముందట ఆమెను కొట్టినంత పని చేసిన."

ఆ తర్వాత ఆయనకు మాట రాలేదు. ఆయనకు మాట రాకపోవడం ఆ సంఘం ఎన్నడూ చూడలేదు. నాకైతే ఏడుపొచ్చేసింది.

ఆంటీ నేలకు చేయి ఆనించి లేచింది. ఉదయం కాబట్టి రెప్పలు సగం పైకే ఉన్నాయి. అందరి మధ్య నుంచీ నడిచి ఆయన దగ్గరికి వెళ్లి, ఆయన మొహంలోకి తిన్నగా చూసింది.

"నేనింకా బట్టలు సర్దలే," అంది. "నువ్వు చెప్పవనుకున్న. జల్దీ నడువు, ఇద్దరం కలిసి సర్దుదాం."