దొరువు గట్టు మీద గడ్డిమందు

బిందె ముంచబోయిన సుప్రియ వంగినది వంగినట్టే ఆగిపోయింది. దొరువు చుట్టూ పచ్చగా ఉండాల్సిన గడ్డి మాడి పసుపుపచ్చగా పడుంది. మేక మేసినట్టు లేదు, ఎండకు మాడినట్టూ లేదు. సరిగ్గా గట్టు వరకే.

మొగుడికి ఫోన్ చేసింది. "ఏమయ్యా, గట్టున మందు కొట్టినావా?"

కృష్ణపట్నంలో డ్యూటీలో ఉన్న పెంచలకృష్ణ నవ్వాడు. "గడ్డిలో పామును చూసి ఊరంతా వినేట్టు అరిచినావు గదమే! అందుకే కొట్టేసి వచ్చినా. నేలలో పడితే విరిగిపోద్దని మందుల కొట్టోడు చెప్పినాడు. ఇసక దేన్నైనా వడగట్టేస్తాది లే."

"మర్నాడే వాన పడింది గదయ్యా! చిట్టికి పాలు కలిపేది ఈ నీళ్లతోనే గదా!"

అవతల నవ్వు ఆగిపోయింది. "నేను బండేసుకుని వస్తుండా. బిడ్డను ఆసుపత్రికి తీసకపోదాం. ఆ నీళ్లు పట్టబాక" అన్నాడు.

పట్టకపోతే ఇంకేం పట్టేది? సముద్రం పక్కనున్న ఆ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే. ఇసకలో గుంట తవ్వితే మాత్రం పైపైన తియ్యటి నీళ్లు ఊరుతాయి. అదే దొరువు. కూటికీ, తాగడానికీ, మిరప నారుకూ అదే ఆధారం. వానకు దారి కోసుకుపోయినప్పటి నుంచి క్యాన్ నీళ్ల ఆటో రావడం లేదు. ఏడాది నిండని చిట్టికి నిన్నటి నుంచి విరేచనాలు. డాక్టరమ్మ పొడి ప్యాకెట్లిచ్చి, కాచిన నీళ్లలో కలిపి గుక్క గుక్కగా పడుతూనే ఉండమంది. సుప్రియ అట్లాగే కాచింది, చల్లార్చింది, పట్టింది. తన చేత్తోనే పట్టింది.

వ్యవసాయ సహాయకురాలు కరుణాకుమారికి ఫోన్ కలిపి మందు సంగతీ, బిడ్డ సంగతీ చెప్పింది.

"నీళ్లు కాస్తే మందు పోద్దా మేడం?"

"పోదమ్మా. నీళ్లు ఆవిరైపోతాయి, మందు అడుగున మిగులుతాది."

"మట్టిలో విరిగిపోద్దంట గదా?"

"ఎరువు తిన్న మట్టయితే మందును పట్టుకుంటాది. కంటికి కనపడని జీవులు నిదానంగా దాన్ని తినేస్తాయి. మీది ఉత్త ఇసక. పట్టుకునేదీ తక్కువ, తినేదీ తక్కువ. వానతో పాటు కిందికి దిగిపోయుంటాది."

"ఎన్నాళ్లకి పోతాది మేడం? చెప్పండి మేడం!"

"టెస్టు చెయ్యకుండా చెప్పలేనమ్మా. బిడ్డ జబ్బు దీనివల్లే అని కూడా చెప్పలేను. ఆసుపత్రికి పోయేటప్పుడు మందు డబ్బా కూడా తీసకపోండి."

"దొరువు తోడేస్తే?"

"చుట్టూ ఇసకలో దిగిందే మళ్లీ లోపలికి ఊరుతాది. తోడబాకండి."

దొరువు పక్కనే ఇంటి ముందు మంచం మీద చిట్టి మూలిగింది. పెదవులు ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఏడుస్తోంది గానీ కంట నీరు రావడం లేదు. సుప్రియ ఫోన్ పడేసి దొరువులోకి దిగింది.

ఆ ఊళ్లో ఎవరూ దొరువును అడుగంటా తోడరు. ఆఖరి మెట్టు తేలితే బిందె పక్కన పెట్టేస్తారు, ఊరనిస్తారు. తియ్యనీళ్ల కింద ఉప్పునీళ్లు కాచుకుని ఉంటాయని కాపురానికి వచ్చిన కోడలికి మొదట చెప్పే మాట అదే. సుప్రియకూ చెప్పారు. ఆఖరి మెట్టు తేలింది. ఆమె ఆగలేదు. బిందె తరువాత బిందె ఎత్తి దూరంగా గుమ్మరించింది. కొత్త నీళ్లు రావాలి. నా బిడ్డకు ఒక్క గ్లాసు కొత్త నీళ్లు, అంతే.

నారుమడి నుంచి వచ్చిన అత్త రాఘవమ్మ గట్టు మీదే కూలబడింది. "ఏం పుట్టిందే నీకు! దొరువును చంపుతుండావా!"

"దీంట్లో మందుండాది అత్తా! నీ కొడుకు కొట్టినాడు!"

ఊరుతున్న నీళ్లను సుప్రియ దోసిట్లోకి తీసుకుని నాలుక తగిలించింది. ఉప్పు. మళ్లీ చూసింది. ఉప్పే. ఉప్పయితే నాలుక్కి తెలిసింది. మందు పోయిందో ఉందో ఏ నాలుకా చెప్పదు. ఇప్పుడు బిడ్డకే కాదు, నారుకు కూడా ఈ నీళ్లు పనికిరావు.

పైకెక్కి, తడిచీరతోనే చిట్టిని చంకనేసుకుంది. ఖాళీ పాలసీసా, అత్త చూపించిన మూల నుంచి మందు డబ్బా తీసుకుంది.

"యాడికే?"

"రొయ్యపిల్లల హేచరీ కాడికి. వాళ్లకు క్యాన్లుంటాయి. కాళ్లు పట్టుకుంటా. ఆయన ఆ దారినే గదా వచ్చేది."

రాఘవమ్మ కొడుకును తిట్టింది, కోడల్ని తిట్టింది, మందు అమ్మినోణ్ణీ తిట్టింది. సుప్రియ వెనక్కి చూడలేదు. వేడి ఇసకలో కాళ్లు దిగబడుతుంటే పరుగులాంటి నడకతో పోతూ, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటోంది.

"నిలబడే, నిలబడు!" వెనక నుంచి రొప్పు వినిపించింది. ఖాళీ బిందె చంకలో పెట్టుకుని అత్త వస్తోంది. "ఆ సీసాడు నీళ్లు యాడికి చాలుతాయే? ఇట్టా తే బిడ్డను. నువ్వు బిందె పట్టుకుని ముందు పరిగెత్తు."